పాత బ్యాచ్ ఫైలును పిలుచుకోవాలా? తిరగ రాయాలా?



మేము ఈ హాస్టల్లో ఉండి చదువుకొని, ఇప్పుడు వేర్వేరు ఊళ్ళలో కంప్యూటర్ల మీద పని చేసుకుంటున్న కొందరం. ఏ కోర్సు చదివితే ఉద్యోగం వస్తుందో చెప్పే వ్యాసాలు మన సంచికల్లో చాలానే వచ్చాయి. ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో ఎదురయ్యే చిక్కుల గురించి రాసేవారు తక్కువ. అందుకని ఈసారి అలాంటి ఒక చిక్కును తీసుకున్నాం.

మన హాస్టల్ పిల్లలకు మొదటి ఉద్యోగం ఎక్కువగా చిన్న ఆఫీసుల్లోనే దొరుకుతుంది. కంప్యూటర్ ఆపరేటర్ అనో, డేటా ఎంట్రీ అనో, అకౌంట్స్ అసిస్టెంట్ అనో పేరు ఉంటుంది. మీకంటే ముందు పనిచేసిన వ్యక్తి వెళ్ళిపోయి ఉంటాడు. అతను రాసిపెట్టిన నాలుగైదు బ్యాచ్ ఫైళ్ళు డెస్క్‌టాప్ మీద ఉంటాయి. "సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు దీని మీద రెండుసార్లు నొక్కు, అంతే" అని చెబుతారు. అందులో ఏముందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళకు మేనేజర్ గారు "దీన్ని ఆటోమేటిక్‌గా జరిగేలా చెయ్యి" అంటారు. అప్పుడు మీ ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి, కొత్తగా ఒక స్క్రిప్టు రాసి దానిచేత ఆ పాత ఫైలును పిలిపించడం. రెండోది, పాత ఫైలును పక్కన పెట్టి ఆ పనంతా స్క్రిప్టులోనే మళ్ళీ రాయడం.

చూడటానికి ఇది చిన్న విషయం. కానీ ఏదైనా తేడా వస్తే మాట పడేది కొత్తగా చేరినవాళ్ళే. ఆ జీతం మీద ఇంట్లో నలుగురు ఆధారపడి ఉన్నప్పుడు ఆ మాట ఎంత బరువో మనకు వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి ఏ దారి ఎప్పుడు మంచిదో నిదానంగా చూద్దాం.

బ్యాచ్ ఫైలు అంటే ఏమిటి?

వంటగదిలో గోడకు అంటించిన పనుల పట్టీ లాంటిది బ్యాచ్ ఫైలు. ముందు ఎసరు పెట్టు, తర్వాత బియ్యం కడుగు, ఆ తర్వాత పప్పు వెయ్యి అని వరుసగా రాసి ఉంటుంది. కంప్యూటరు ఆ పట్టీని పైనుంచి కిందికి ఒక్కో వరుస చదువుతూ చేసుకుపోతుంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ నుంచే ఈ పద్ధతి ఉంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన సీఎండీ అనే ప్రోగ్రామ్ దీనికి మరికొంత శక్తినిచ్చింది. ఈనాటి విండోస్ 11లో కూడా బ్యాచ్ ఫైళ్ళు నడుస్తూనే ఉన్నాయి. నోట్‌ప్యాడ్ ఉంటే చాలు, రాసుకోవచ్చు. ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

స్క్రిప్టు కూడా పనుల పట్టీయే. కాకపోతే అది కాస్త ఆలోచించగలిగే పట్టీ. 1991లో వచ్చిన పైథాన్, 2006లో వచ్చిన పవర్‌షెల్ ఇలాంటివి. తేదీలు, లెక్కలు, జాబితాలు, తప్పులను పట్టుకోవడం వంటివి వీటిలో తేలిక. బ్యాచ్ ఫైల్లో పది వరుసల తంటాలు పడి చేసే పని వీటిలో ఒక్క వరుసలో అయిపోతుంది.

పిలిచేటప్పుడు లోపల ఏం జరుగుతుంది?

స్క్రిప్టు ఒక బ్యాచ్ ఫైలును పిలిచినప్పుడు విండోస్ వేరుగా ఒక సీఎండీని లేపి, ఆ ఫైలును దాని చేతికి ఇస్తుంది. అంటే స్క్రిప్టు తాను ఆ పని చేయడం లేదు, ఇంకొకరికి అప్పజెబుతోంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం చిక్కులు వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటిది, జేబు సంగతి. వార్డెన్ గారు ఒక పిల్లవాడిని బజారుకు పంపారనుకోండి. అతను కూరగాయల ధరలు ఒక చీటీ మీద రాసుకొని తన జేబులో పెట్టుకుంటే, ఆ చీటీ వార్డెన్ గారి జేబులోకి దానంతట అది రాదు. బ్యాచ్ ఫైలు 'సెట్' ఆదేశంతో పెట్టుకున్న విలువలు కూడా ఇంతే. పిలిచిన స్క్రిప్టు దగ్గరున్న విలువలకు ఒక నకలు మాత్రమే బ్యాచ్ ఫైలుకు అందుతుంది. ఆ నకలులో అది ఏం మార్చుకున్నా పని ముగియగానే అన్నీ పోతాయి. 'సీడీ' ఆదేశంతో మారిన ఫోల్డరు కూడా స్క్రిప్టుకు మారదు. ఆ విలువలు కావాలంటే బ్యాచ్ ఫైలు చేత వాటిని తెర మీద అచ్చు వేయించి స్క్రిప్టు చదువుకోవాలి, లేదా ఒక ఫైల్లో రాయించుకోవాలి.

రెండోది, తిరిగొచ్చి చెప్పే అంకె. ప్రతి ప్రోగ్రామ్ పని ముగిశాక ఒక అంకె చెప్పి వెళుతుంది. సాధారణంగా సున్నా అంటే అంతా బాగానే జరిగిందని అర్థం. బ్యాచ్ ఫైల్లో దీన్ని ఎర్రర్‌లెవెల్ అంటారు. పవర్‌షెల్‌లో లాస్ట్ ఎగ్జిట్ కోడ్ అనే పేరుతో ఇది దొరుకుతుంది. పవర్‌షెల్‌లో ట్రై, క్యాచ్ రాసేశాం కదా, బ్యాచ్ ఫైలు తప్పితే అదే పట్టుకుంటుందిలే అనుకోవద్దు. మామూలుగా అది పట్టుకోదు. మీరే ఆ అంకెను చూసి 'అయితే ఆగు' అని రాయాలి. పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ మాడ్యూల్లో ఉన్న రన్‌కు 'చెక్' అనే షరతు ట్రూగా పెడితే, అంకె సున్నా కానప్పుడు అది మీ స్క్రిప్టును అక్కడే ఆపుతుంది.

మూడోది, ఎదురుచూపు. పాత బ్యాచ్ ఫైళ్ళలో చివరి వరుస తరచుగా 'పాజ్' అయి ఉంటుంది. మనిషి చూసి ఏదో ఒక కీ నొక్కాలని దాని ఉద్దేశం. అదే ఫైలును రాత్రి పదకొండు గంటలకు టాస్క్ షెడ్యూలర్ నడిపిస్తే కీ నొక్కేవారు ఎవరుంటారు? తెల్లవారేవరకు అది అలాగే నిలబడి ఉంటుంది. స్క్రిప్టు దాని కోసం, తర్వాతి పని స్క్రిప్టు కోసం చూస్తూ ఉంటాయి. కాబట్టి పాజ్‌ను తీసేయాలి. తీసే వీలు లేకపోతే ఫైలుకు కీబోర్డు బదులు నల్‌ను ఇన్‌పుట్‌గా ఇవ్వాలి. ఇంత సమయం దాటితే వదిలెయ్యమని గడువు పెట్టడం కూడా మంచిది.

నాలుగోది, నిలబడిన చోటు. మనం మౌసుతో రెండుసార్లు నొక్కినప్పుడు బ్యాచ్ ఫైలు తన ఫోల్డరులోనే నిలబడి పని మొదలుపెడుతుంది. టాస్క్ షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలేస్తే సిస్టం 32 ఫోల్డరులో మొదలుపెడుతుంది. అప్పుడు 'డేటా ఫోల్డరును కాపీ చెయ్యి' అంటే ఏ డేటా అని వెతుక్కుంటుంది. ఇంకొక సంగతి, మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే జెడ్ డ్రైవు వంటి నెట్‌వర్క్ డ్రైవులు, ఎవరూ లాగిన్ కాకుండా నడిచే పనికి కనిపించవు. పగలు నడిచిన ఫైలు రాత్రి నడవలేదంటే ముందు ఈ రెండూ చూడండి.

ఐదోది, పిలిచి వదిలేయడం. ఒక బ్యాచ్ ఫైలు లోపలి నుంచి ఇంకో బ్యాచ్ ఫైలును పిలవాలంటే ముందు 'కాల్' అనే మాట ఉండాలి. అది లేకపోతే రెండో ఫైలు ముగిశాక మొదటి ఫైలుకు తిరిగిరాదు. మిగిలిన వరుసలు ఎప్పటికీ నడవవు. ఏ హెచ్చరికా రాదు.

ఒక ఉదాహరణ

ఒక ఆఫీసు అనుకుందాం. అక్కడి బ్యాకప్ బ్యాచ్ ఫైల్లో ఐదు పనులు ఉన్నాయి. ఒకటి, ఈరోజు తేదీ పేరుతో బయటి డిస్కులో ఒక ఫోల్డరు తయారు చెయ్యి. రెండు, అకౌంట్స్ డేటాను రోబోకాపీతో అందులోకి కాపీ చెయ్యి. మూడు, 30 రోజులు దాటిన పాత ఫోల్డర్లను తీసెయ్యి. నాలుగు, 'బ్యాకప్ పూర్తయింది' అని తెర మీద చూపించు. ఐదు, కీ నొక్కేవరకు ఆగు.

ఏళ్ళ తరబడి ఇది చక్కగా నడిచింది. ఒకరోజు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశారు. దానితో డేటా వేరే ఫోల్డరులోకి మారింది. ఆ సాయంత్రం ఏం జరుగుతుందో చూడండి. తేదీ పేరుతో ఫోల్డరు తయారవుతుంది. రోబోకాపీ పాత చోట డేటా కోసం చూసి, లేదని 16 అనే అంకె చెప్పి తప్పుకుంటుంది. ఆ అంకెను ఎవరూ చూడరు. మూడో పని మామూలుగా జరిగి నెల దాటిన ఫోల్డరును తీసేస్తుంది. తెర మీద 'బ్యాకప్ పూర్తయింది' అని వస్తుంది. రోజూ ఇలాగే. నెల గడిచేసరికి డిస్కులో ముప్పై ఫోల్డర్లు తేదీలతో వరుసగా ఉంటాయి. అన్నీ ఖాళీ. అసలు డేటా ఉన్న చివరి ఫోల్డరును కూడా మూడో పని ఈలోగా తీసేసి ఉంటుంది. పైగా బ్యాచ్ ఫైలుతో తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళవు.

ఇప్పుడు మీరు ఒక స్క్రిప్టు రాసి ఈ ఫైలును పిలిచారనుకోండి. స్క్రిప్టు అంకె చూస్తుంది కదా, పట్టుకుంటుందా? పట్టుకోదు. బ్యాచ్ ఫైలు చివరికి చెప్పే అంకె మధ్యలో జరిగిన పనిది కాదు, చివరగా అంకెను మార్చిన పనిది. రోబోకాపీ చెప్పిన 16ను ఆ తర్వాత వచ్చిన పని తుడిచేస్తుంది. కాబట్టి పిలవడం ఒక్కటే మనల్ని కాపాడదు. మొత్తం తిరగ రాస్తేనే కాపాడుతుందా అంటే, అదీ అక్కర్లేదు. రోబోకాపీ వరుస కింద 'ఎర్రర్‌లెవెల్ 8 అయితే ఇక్కడే ఆగి 8 అని చెప్పి వెళ్ళు' అని ఒక్క వరుస చేరిస్తే, ఈ ప్రమాదం తప్పుతుంది.

ఎనిమిది ఎందుకో కూడా తెలుసుకోవాలి. రోబోకాపీ అంకెలు మిగతావాటిలా ఉండవు. సున్నా అంటే కాపీ చేయవలసింది ఏమీ లేదని, 1 అంటే ఫైళ్ళు చక్కగా కాపీ అయ్యాయని అర్థం. 0 నుంచి 7 వరకు ఏది వచ్చినా వైఫల్యం కాదు. 8, అంతకు మించి వస్తేనే వైఫల్యం. ఇది తెలియక 'సున్నా కాకపోతే తప్పు' అని స్క్రిప్టులో రాస్తే, బ్యాకప్ బాగా జరిగిన ప్రతిరోజూ తప్పు జరిగిందని చెబుతుంది. నాలుగు రోజులకు ఆ హెచ్చరికను చూడటమే మానేస్తారు. బ్యాచ్ ఫైల్లో 'ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8' అంటే సరిగ్గా 8 అని కాదు, 8 లేదా అంతకంటే ఎక్కువ అని అర్థం. కాబట్టి 16 కూడా అందులోకే వస్తుంది.

పాత ఫోల్డర్లను వెతికే ఫర్‌ఫైల్స్ ఆదేశం దీనికి తిరగబడ్డ రకం. తీసేయడానికి పాతవి ఏవీ దొరకకపోతే అది 1 చెబుతుంది. అక్కడ నిజానికి తప్పేమీ జరగలేదు. ఒకచోట 1 అంటే విజయం, ఇంకొకచోట 1 అంటే 'నాకు పని దొరకలేదు' అని. పిలిచే ముందు ఏ పనిముట్టు ఏ అంకె చెబుతుందో తెలుసుకోవడం అందుకే అవసరం.

రోబోకాపీ గురించే మరొక్క మాట. ఏదైనా ఫైలు వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉండి కాపీ కాకపోతే, అది మళ్ళీ ప్రయత్నిస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే 10 లక్షలసార్లు, ఒక్కో ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు ఆగుతూ ప్రయత్నిస్తుంది. లెక్క వేసి చూడండి, దాదాపు 347 రోజులు! అందుకని రెండు మూడుసార్లు ప్రయత్నించి, ఐదు సెకన్లు ఆగి, తర్వాత వదిలెయ్యమని దానికి ముందే చెప్పాలి.

తిరగ రాయాలన్న తొందర

కొత్తగా పైథాన్ నేర్చుకున్నవారికి పాత బ్యాచ్ ఫైలు చూడగానే చెయ్యి దురద పెడుతుంది. "ఇదేం రాత? నేనైతే అరపూటలో రాస్తాను" అనిపిస్తుంది. రాయగలరు కూడా. కానీ ఆ పాత ఫైల్లో అర్థం లేనట్టు కనిపించే ప్రతి వరుస వెనుక ఒక రోజు జరిగిన సంగతి ఏదో ఉండవచ్చు. మధ్యలో 'పది సెకన్లు ఆగు' అని ఉంటే, ప్రింటరో సర్వరో లేవడానికి అంత సమయం పట్టేదేమో. ఒక ఫైలును ఒకసారి కాపీ చేసి మళ్ళీ కాపీ చేస్తుంటే, మొదటిసారి ఎప్పుడో సగంలో ఆగిందేమో. రాసినవాడు వెళ్ళిపోయాడు, కారణం ఎక్కడా రాసిపెట్టలేదు. మనం దాన్ని తీసేస్తే, వాడు ఎదుర్కొన్న తిప్పలే మనం మళ్ళీ మొదటినుంచి ఎదుర్కోవాలి.

పెద్ద కంపెనీలకు కూడా ఈ పాఠం తప్పలేదు. నెట్‌స్కేప్ బ్రౌజర్ 4వ వెర్షన్ 1997లో వచ్చింది. ఆ తర్వాత పాత కోడ్‌ను చాలావరకు పక్కనపెట్టి కొత్తగా రాయడానికి పూనుకున్నారు. 5వ వెర్షన్ రానే లేదు. 6వ వెర్షన్ 2000 నవంబరులో వచ్చింది. ఆ మూడేళ్ళలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్‌ను పట్టుకుపోయింది. నెట్‌స్కేప్ వెనకబడటానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. అయినా నడుస్తున్నదాన్ని ఆపి మొత్తం కొత్తగా రాయాలనుకునేవారికి ఈ కథను ఇప్పటికీ చెబుతుంటారు.

మరో సంగతి. బ్యాచ్ ఫైలు ఏ విండోస్ కంప్యూటరులోనైనా నడుస్తుంది. పైథాన్ అయితే ఇన్‌స్టాల్ చేయాలి, దానికి ఆఫీసులో అనుమతి కావాలి. పవర్‌షెల్ విండోస్‌తోనే వస్తుంది గానీ, మామూలు విండోస్ కంప్యూటర్లలో స్క్రిప్టు ఫైళ్ళు నడవకుండా ముందుగానే కట్టడి ఉంటుంది. ఆ కట్టడిని ఎవరినీ అడగకుండా సడలించడం మంచిది కాదు. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారికి పైథాన్ వచ్చో రాదో కూడా ఆలోచించాలి.

తిరగ రాయక తప్పని సందర్భాలు

అలాగని పాతదాన్నే పట్టుకు వేలాడమని మేము చెప్పడం లేదు. బ్యాచ్ ఫైలుకు చేతకాని పనులు కొన్ని ఉన్నాయి. అవి కనిపించినప్పుడు ఆ భాగాన్ని స్క్రిప్టులోకి తేవడమే మేలు.

తేదీలు: బ్యాచ్ ఫైల్లో తేదీ ఎలా వస్తుందనేది ఆ కంప్యూటరులోని రీజినల్ సెట్టింగ్స్ మీద ఆధారపడి ఉంటుంది. ఒక కంప్యూటరులో 03-04 అంటే ఏప్రిల్ 3, ఇంకొక దానిలో మార్చి 4. కంప్యూటరు మార్చిన రోజున ఫోల్డర్ల పేర్లన్నీ తారుమారవుతాయి. పైథాన్‌లో, పవర్‌షెల్‌లో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు అని మనం కోరిన వరుసలో ఎక్కడైనా ఒకేలా వస్తుంది.

లెక్కలు: బ్యాచ్ ఫైల్లో లెక్కలు చేసే 'సెట్ స్లాష్ ఏ'కు దశాంశాలు రావు, పైసల లెక్క కుదరదు. 2147483647 దాటిన సంఖ్య దానికి పట్టదు. అంతకంటే విచిత్రం, సున్నాతో మొదలయ్యే అంకెను అది అష్టాంశ పద్ధతిలో చదువుతుంది. ఆ పద్ధతిలో 8, 9 అనే అంకెలే ఉండవు. అందుకని నెల అంకెతో లెక్క చేసే ఫైలు 01 నుంచి 07 వరకు చక్కగా నడిచి, ఆగస్టులో 08 రాగానే తప్పు చూపిస్తుంది. సెప్టెంబరులోనూ అంతే. అక్టోబరులో 10 రాగానే దానంతట అదే బాగవుతుంది! కారణం తెలియనివారు వైరస్ అనుకుంటారు.

తెలుగు పేర్లు: ఫైళ్ళ పేర్లు తెలుగులో ఉంటే పాత కోడ్ పేజీతో నడిచే సీఎండీ తెర మీద గడులు, జాబితా ఫైల్లో ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. కోడ్ పేజీని 65001కి మార్చి కొంతవరకు నెట్టుకురావచ్చు. పేర్ల మీదే పని ఎక్కువగా ఉంటే పైథాన్ 3లో రాసుకోవడం సుఖం.

బయటివారు టైపు చేసిన మాటలు: ఇది అన్నిటికంటే ముఖ్యం. స్క్రిప్టు బ్యాచ్ ఫైలును పిలుస్తూ దానికి ఒక పేరును అందించిందనుకోండి. ఆ పేరులో ఆంపర్సెండ్, కొటేషన్, పర్సంట్ వంటి గుర్తులు ఉంటే సీఎండీ వాటిని పేరులో భాగంగా కాక ఆదేశంగా చదివే ప్రమాదం ఉంది. పేరు ముసుగులో ఎవరైనా ఒక ఆదేశాన్నే పంపవచ్చు. 2024 ఏప్రిల్‌లో ఈ లోపం చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఉందని బయటపడింది. రస్ట్ భాషవారు 1.77.2 వెర్షన్‌తో, నోడ్ జేఎస్‌వారు, పీహెచ్‌పీవారు తమ కొత్త వెర్షన్లతో దాన్ని సరిచేశారు. కాబట్టి ప్రజలు ఫారంలో నింపిన పేర్లను, ఈమెయిల్లో వచ్చిన ఫైళ్ళ పేర్లను నేరుగా బ్యాచ్ ఫైలుకు అందించవద్దు. అక్కడ తిరగ రాయడమే సరైనది.

తిరగ రాసినా లాభం లేని సందర్భం కూడా ఒకటుంది. బ్యాచ్ ఫైలు పిలుస్తున్నది డాస్ కాలపు ఫాక్స్‌ప్రో వంటి ప్రోగ్రామ్‌నైతే, 64 బిట్ విండోస్‌లో ఆ ప్రోగ్రామే నడవదు. అక్కడ జబ్బు బ్యాచ్ ఫైలుది కాదు. పైథాన్‌లో పిలిచినా అదే జవాబు వస్తుంది. ఇక పాత ఫైలును తిరగ రాద్దామని వీబీస్క్రిప్టును మాత్రం ఎంచుకోకండి. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని క్రమంగా తొలగించే వాటి జాబితాలో చేర్చింది.

మధ్యే మార్గం

మన పొలాల గట్ల మీద తాటిచెట్టును చుట్టుకొని పెరిగిన రావినో మర్రినో చూసే ఉంటారు. పిట్ట వేసిన గింజ తాటి మట్టల సందున మొలుస్తుంది. వేళ్ళు మెల్లగా కిందికి దిగి నేలను అందుకుంటాయి. అప్పటివరకు తాటిచెట్టే దాన్ని మోస్తుంది. చివరికి మర్రి తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. పాత ప్రోగ్రామ్‌ను ఇలా కొద్దికొద్దిగా మార్చే పద్ధతికి మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ రచయిత 2004లో ఇలాంటి చెట్టు పేరే పెట్టారు. ఆయన ఆ చెట్లను ఆస్ట్రేలియాలో చూశారు. మనకు అంత దూరం పోవలసిన పని లేదు.

పైన చెప్పిన ఆఫీసు ఫైలును ఈ పద్ధతిలో మార్చాలంటే వరుస ఇలా ఉంటుంది.

మొదట, పాత ఫైలుకు ఒక నకలు తీసి, తేదీ వేసి భద్రంగా పెట్టండి. దాన్ని ముట్టుకోకండి. ఒక తెల్లకాగితం మీద ప్రతి వరుసకూ ఎదురుగా అది ఏం చేస్తుందో తెలుగులో రాయండి. అర్థం కాని వరుస దగ్గర ప్రశ్నార్థకం పెట్టి, ఆఫీసులో పాతవారిని అడగండి.

రెండు, ఒక చిన్న స్క్రిప్టు రాసి దానిచేత పాత ఫైలును పిలిపించండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఏ అంకె వచ్చింది అనే మూడూ ఒక లాగ్ ఫైల్లో రాయించండి. పాజ్ తీసేయండి. రోబోకాపీ కింద ఆ ఒక్క వరుస చేర్చండి. ఇంతవరకు పాత పద్ధతి ఏమీ మారలేదు, కానీ ఇప్పుడు తప్పు జరిగితే తెలుస్తుంది.

మూడు, తేదీ పేరు తయారుచేసే పనిని స్క్రిప్టులోకి తెచ్చి, ఆ పేరును బ్యాచ్ ఫైలుకు అందించండి. అది మనం తయారుచేసిన అంకెలే కాబట్టి భయం లేదు.

నాలుగు, పాత ఫోల్డర్లను తీసేసే పనిని స్క్రిప్టులోకి తెచ్చి దానికి ఒక షరతు పెట్టండి. ఈరోజు ఫోల్డరులో ఫైళ్ళు ఉన్నాయా, నిన్నటితో పోలిస్తే వాటి సంఖ్య, సైజు ఉండవలసినంత ఉన్నాయా అని చూసిన తర్వాతే పాతది తీసేయాలి. కొత్తది చేతికి అందనిదే పాతది వదలకూడదు.

ఐదు, కాపీ పనిని మాత్రం రోబోకాపీకే వదిలేయండి. ఆ పనిలో అది ఆరితేరినది. నిర్ణయాలు స్క్రిప్టువి, బరువు మోసే పని పాత పనిముట్టుది.

ఆరు, కొత్తదాన్ని, పాతదాన్ని రెండు వారాలు వేర్వేరు ఫోల్డర్లలోకి పక్కపక్కనే నడిపించి, ఫైళ్ళ సంఖ్య, సైజు సరిచూడండి. రెండూ ఒకటే అయ్యాకనే పాతది ఆపండి. వారానికి ఒకసారి బ్యాకప్‌లోంచి ఒక ఫైలు తీసి, తెరిచి చూడండి. 'పూర్తయింది' అన్న మాట కంటే తెరుచుకున్న ఫైలు మీదే నమ్మకం పెట్టుకోవాలి.

నిర్ణయం తీసుకునేముందు నాలుగు ప్రశ్నలు

ఇప్పుడు నడుస్తున్నదానిలో నిజంగా ఏ ఇబ్బంది ఉంది? చూడటానికి బాగాలేదనడం ఇబ్బంది కాదు. ఆ ఇబ్బంది ఒకటి రెండు వరుసలు మారిస్తే పోతుందా? పోతే అంతటితో ఆగండి. తప్పు జరిగితే పోయేదేమిటి, అది తిరిగి వస్తుందా? తిరిగి రానిదైతే ముందు దాన్ని కాపాడే షరతు రాయండి. మీరు సెలవులో ఉన్నరోజు ఇంకొకరు దీన్ని నడపగలరా? నడపలేకపోతే, ఎంత గొప్పగా రాసినా పని సగమే అయినట్టు.

హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇదంతా నేర్చుకోవడానికి ఖర్చేమీ లేదు. కాలేజీ ల్యాబులో ఒక విండోస్ కంప్యూటరు, ఒక గంట సమయం దొరికితే చాలు. నోట్‌ప్యాడ్‌లో మూడు వరుసల బ్యాచ్ ఫైలు రాయండి. అది చివర్లో ఒకసారి సున్నా, ఒకసారి 5 చెప్పేలా చేయండి. పవర్‌షెల్ తెరిచి దాన్ని పిలిచి, వచ్చిన అంకె చూడండి. అందులో ఒక విలువ సెట్ చేసి, బయట కనిపిస్తుందేమో వెతకండి. 08 ప్లస్ 1 ఎంత అని సెట్ స్లాష్ ఏను అడగండి. ఉత్తుత్తి ఫైళ్ళతో ఒక ఫోల్డరు చేసి రోబోకాపీతో రెండుసార్లు కాపీ చేయండి. మొదటిసారి 1, రెండోసారి 0 ఎందుకు వచ్చిందో స్నేహితుడికి వివరించండి. వివరించగలిగితే మీకు వచ్చినట్టే.

ఆఫీసులో ఆ పాత ఫైలు ఎదురైనప్పుడు దాన్ని రాసినవారిని తక్కువ చేసి మాట్లాడకండి. వారు కూడా మనలాగే ఎక్కడో ఒక మూల కంప్యూటరు దగ్గర ఒంటరిగా కూర్చొని, తమకు తెలిసిన నాలుగు ఆదేశాలతో ఆఫీసు పని నడిపించినవారే. వారు రాయకుండా వదిలేసినది ఒక్కటే, ఎందుకు అలా చేశారన్న కారణం. మీరు మాత్రం ప్రతి ఫైలు పైన 'రెమ్' పెట్టి రెండు వరుసలు రాయండి. ఇది ఏం చేస్తుంది, ఇలా ఎందుకు చేస్తుంది. మీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చేది మన హాస్టల్ పిల్లలే కావచ్చు.